పంటు మీద పోయిన పరువు: పాత కారు స్టార్ట్ అవ్వకపోతే ముందు ఏం చూడాలి

(రాజోలులో మెకానిక్‌లు, డ్రైవర్లు, కార్లున్నవాళ్లు కలిసి కూర్చున్న ఒక సాయంత్రం, పాలకొల్లు ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన మాట్లాడింది విని రాసిన పాఠం)

అందరికీ నమస్కారమండి. ఆ మైకు కొంచెం ఇటు జరపండి... చాలు. నేను మాటల మనిషిని కాదు, వైర్ల మనిషిని. 26 ఏళ్లుగా ఇదే పని. మధ్యలో దారి తప్పితే మొహమాటపడకుండా ఆపేయండి.

ముందు నా పరువు పోయిన సంగతి నేనే చెప్పేసుకుంటాను, ఎలాగూ మీలో ఒకరిద్దరికి తెలుసు. మొన్న వేసవిలో సఖినేటిపల్లి రేవులో కారు పంటు ఎక్కించి, అదే గోదావరి దాటించే బల్లకట్టు పడవ, ఇంజిన్ ఆపాను. నరసాపురం రేవు వచ్చింది. తాళం తిప్పాను, సెల్ఫ్ మోటారు బ్రహ్మాండంగా తిరిగింది, ఇంజిన్ అందుకుంది, ఒక్క సెకనుండి ఆగిపోయింది. మళ్లీ తిప్పాను, మళ్లీ అంతే. వెనకాల నాలుగు బైకులు, కొబ్బరికాయల ఆటో ఒకటి, హారన్లు. తెలిసినాయన ఒకాయన కిటికీలోకి తొంగిచూసి "కార్లలో కరెంటు పని చేసేది మీరే కదండీ?" అన్నాడు. ఏం చెప్పమంటారు? నలుగురు కలిసి పంటు దింపి, రేవు ఎత్తు మీదికి పాపం చెమటలు కక్కుకుంటూ తోశారు. సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలితే రెండు దగ్గులు దగ్గి పడుకుంది. అప్పుడు చూశాను మీటర్ల పక్కన ఎర్రటి తాళం బొమ్మ దీపం, టపటపా కొట్టుకుంటోంది. చేతిలో తాళాల గుత్తి చూశాను. ఆ పొద్దున్నే మా ఆవిడ, రెండూ ఒకచోట ఉంటే పోవు కదా అని, స్పేర్ తాళం కూడా అదే రింగుకి తగిలించింది. దాన్ని తీసి జేబులో వేసుకుని తిప్పాను. కుయ్యి మనకుండా స్టార్ట్ అయ్యింది. తోసినవాళ్లు ఏమైందండీ అని అడిగితే "ఏదో లూజ్ కాంటాక్టండి" అని అబద్ధం చెప్పి వచ్చేశాను.

ఆ నలుగురి చెమట ఎందుకు వృథా అయ్యిందో అర్థమైతే ఇవాళ్టి విషయంలో సగం అయిపోయినట్టే.

ఇమ్మొబిలైజర్ అంటే చాలామంది ఏదో అలారం అనుకుంటారు. కాదు. తన తాళం కాకపోతే ఇంజిన్‌ని నడవనివ్వని కాపలావాడు అది. తాళం తలకాయలో, ఆ నల్ల ప్లాస్టిక్ లోపల, చిన్న చిప్ ఉంటుంది. కొన్నిట్లో బియ్యపు గింజంత గాజు గొట్టం, కొన్నిట్లో చిన్న నల్ల పలుకు. దానికి బ్యాటరీ లేదు. తాళం పెట్టే కన్నం చుట్టూ ఒక రాగి తీగ చుట్ట ఉంటుంది, రింగ్ కాయిల్ అంటాం. మీరు తాళం తిప్పగానే ఆ చుట్ట చిన్న రేడియో తరంగం వదులుతుంది, చాలా బళ్లలో అది 125 కిలోహెర్ట్జ్. ఆ తరంగంలోంచే చిప్‌కి కరెంటు పుడుతుంది, ఆ కరెంటుతోనే అది తన నంబరు చెబుతుంది. నంబరు సరిపోతే ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలు వదులుతుంది, లేకపోతే వదలదు. కొన్ని బళ్లు సెల్ఫ్ కూడా తిరగనివ్వవు, కానీ మన దగ్గర తిరిగే చాలా పాత బళ్లలో సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ ఒక సెకను అందుకుని చచ్చిపోతుంది. అలాంటప్పుడు మీరు ఇక్కణ్నుంచి ధవళేశ్వరం దాకా తోసినా స్టార్ట్ అవ్వదు. తోయడం వల్ల సెల్ఫ్ చేసే పని మీరు చేస్తున్నారు, అంతే. కాపలావాడు మాత్రం పెట్రోలు గేటు తియ్యలేదు కదా.

యూరప్‌లో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లన్నిట్లో ఇది ఉండి తీరాలన్నారు. మన దగ్గరికి అవే మోడళ్లతో, ఆ తర్వాత మనవాళ్ల మోడళ్లతో మెల్లగా వచ్చింది. మారుతి వాళ్లు దీనికి ఐక్యాట్స్ అని పేరు పెట్టారు, మీ కారు వెనకద్దం మీద స్టిక్కరు చూసే ఉంటారు. కాబట్టి ఇవాళ పదిహేనేళ్ల బండి అంటే అందులో ఈ కాపలావాడు ఉండే అవకాశం ఎక్కువ. పాత కార్బురేటర్ బండిలో ఉండడు. అక్కడ తంటాలు వేరే.

ఇప్పుడు నా పంటు గొడవ. రెండు చిప్‌లు రింగ్ కాయిల్‌కి దగ్గరగా ఉంటే రెండూ ఒకేసారి జవాబు చెబుతాయి. ఇద్దరు ఒకేసారి అరిస్తే కండక్టర్‌కి ఏ స్టాపు వినిపిస్తుంది? కంప్యూటర్‌కీ అంతే. బరువైన ఇనుప లాకెట్లు, ఇంకో కారు తాళం, ఇవన్నీ కూడా కొన్ని బళ్లలో ఇబ్బంది పెడతాయి. అందుకే అలాంటి బండి వస్తే నేను మొదట చేసే పని, గుత్తి మొత్తం విప్పి ఒక్క తాళం పెట్టి తిప్పడం. దీనికి స్పానర్ కూడా అక్కర్లేదు. రెండో పని, స్పేర్ తాళం తెప్పించడం. ఒక తాళంతో స్టార్ట్ అయ్యి ఇంకోదాంతో అవ్వకపోతే తప్పు తాళంలో ఉంది, బండి జోలికి వెళ్లకండి. రెండిటితోనూ అవ్వకపోతే అప్పుడు రింగ్ కాయిల్, దాని వైర్లు కలిపే కప్లర్, ఆ తర్వాతే కంప్యూటర్. మరి స్పేర్ ఎక్కడుంది? బీరువాలో, పట్టుచీరల కింద, హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి దగ్గర. నేను వినని జవాబు లేదు.

తాళం కథ ఇంకోటి చెప్పాలి, ఇది మీ అందరికీ పనికొస్తుంది. ఒకాయన తాళం పగిలింది. బజార్లో తాళాలు చేసే కుర్రాడి దగ్గరికెళ్లి పై డొప్ప మార్పించాడు. కొత్త డొప్ప, మెరుస్తోంది, లాక్ నొక్కితే తలుపులు పడుతున్నాయి, ఆనందం. ఇంటికొచ్చి తిప్పితే బండి స్టార్ట్ అవ్వట్లేదు. రిమోట్ పనిచేస్తోంది కాబట్టి తాళం బాగుందనే ఆయన నమ్మకం, దాంతో బ్యాటరీ మార్చాడు, పెట్రోలు పంపు మార్పించబోయాడు. రిమోట్ వేరు, చిప్ వేరు బాబూ. రిమోట్‌కి బిళ్ల బ్యాటరీ కావాలి, చిప్‌కి అక్కర్లేదు. ఆ కుర్రాడు రిమోట్ బోర్డుని కొత్త డొప్పలోకి మార్చాడు గానీ, మూలన గాడిలో ఇరుక్కుని ఉన్న చిప్‌ని పాత డొప్పలోనే వదిలేశాడు. ఆ డొప్ప చెత్తడబ్బాలో పడింది. నేనూ, ఆ పెద్దమనిషీ, ఆ కుర్రాడూ, ముగ్గురం పేపరు పరుచుకుని బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాం. దొరికింది, ఆయన అదృష్టం. డొప్ప మార్పించేటప్పుడు ఎదురుగా నిలబడండి, పాతది ఇంటికి తెచ్చుకోండి. అంతే.

సరే, కాపలావాడి సంగతి ఇంతసేపు చెప్పాను గానీ, నా దగ్గరికి "ఇమ్మొబిలైజర్ పోయిందండి" అని వచ్చే బళ్లలో నిజంగా అది పోయినవి చాలా తక్కువ. ఎక్కువ వాటిలో అది ఆకలితో సొమ్మసిల్లిన కాపలావాడు. అంటే వోల్టేజి అందట్లేదు. బ్యాటరీ నీరసంగా ఉంటే, సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజి ధడేల్మని పడిపోతుంది, కంప్యూటర్ ఒక్క క్షణం కళ్లు తిరిగి పడి లేస్తుంది, ఆ గందరగోళంలో చిప్ నంబరు చదవలేకపోతుంది, దీపం కొట్టుకుంటుంది, మీరు చూసి కంప్యూటర్ పోయిందంటారు, ఎవరో ఒకరు 20 వేలో 30 వేలో అంటారు. మీకు టెన్షన్. అసలు జబ్బు బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, నీలంగా పూసిన ఆ పొడి.

అందుకే మీటరు. ఖరీదైనది అక్కర్లేదు, మామూలు మల్టీమీటర్ చాలు, కానీ దాన్ని వాడటం రావాలి. రాత్రంతా ఆపి ఉంచిన బండి బ్యాటరీ మీద పొద్దున్నే పెట్టి చూస్తే 12.6 వోల్టులు ఉంటే కడుపు నిండినట్టు. 12.4 అయినా ఫర్వాలేదు. 12.2 అంటే సగం. 12 లోపంటే దాన్ని చార్జింగ్‌కి పెట్టకుండా ఇంకేం ఆలోచించకండి. అయితే ఇదొక్కటే చూసి వదిలెయ్యకూడదు. ముసలి బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.5 చూపిస్తుంది, పని చెప్పగానే కూలబడుతుంది. కాబట్టి పక్కన మనిషిని పెట్టి సెల్ఫ్ కొట్టించి, తిరుగుతున్నంతసేపూ మీటరు చూడండి. 9.6 కంటే కిందికి జారకూడదు. ఏడుకీ ఎనిమిదికీ దిగిందంటే బ్యాటరీ అయిపోయినా అయి ఉండాలి, సెల్ఫ్ మోటారు బిగుసుకుపోయి విపరీతంగా లాగుతున్నా ఉండాలి. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.4 దాకా ఉంటే డైనమో బ్యాటరీని మేపుతోందని లెక్క.

ఇప్పుడు అసలు ముక్క. డెల్టాలో పుట్టినవాడికి దీన్ని వేరేగా చెప్పక్కర్లేదు.

బ్యాటరీ ధవళేశ్వరం ఆనకట్ట అనుకోండి. సెల్ఫ్ మోటారు అంతర్వేది దగ్గరి శివారు పొలం. నీళ్లు కాలువ దిగి, కాలువని నది దాటించే గన్నవరం అక్విడక్టు దాటి, లాకులు దాటి, బోదెలోకి దిగి చేరాలి. నీళ్లు కదలకుండా నిలబడి ఉంటే మట్టం పైనా కిందా ఒకేలాగే కనిపిస్తుంది. మధ్యలో గుర్రపుడెక్క ఎంత అడ్డుపడి ఉన్నా తెలీదు. పారడం మొదలెట్టాక చూడండి, డెక్కకి పైన గట్టు అంచుదాకా నిండుగా ఉంటుంది, కింద పాదం తడవదు. వైరు కూడా అంతే. కరెంటు పారనప్పుడు కుళ్లిన వైరు చివర కూడా మీటరు 12.5 చూపిస్తుంది. టెస్ట్ ల్యాంప్ కూడా వెలుగుతుంది, ఎందుకంటే దానికి కావాల్సింది ఒక బిందె నీళ్లు. సెల్ఫ్‌కి కావాల్సింది కాలువ. చిన్న పెట్రోలు కారు సెల్ఫే తిరిగేటప్పుడు వంద ఆంపియర్లు పైన లాగుతుంది, డీజిల్ ఇంకా ఎక్కువ. అందుకే సెల్ఫ్ కొడుతూ కొలవాలి.

ఇంకోటి. మనలో అందరూ పంట కాలువే చూస్తారు. మురుగు కాలువ ఎవడు చూస్తాడు? వచ్చిన నీరు పోయే దారి లేకపోతే పొలం ఏమవుతుందో కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కారులో మురుగు కాలువ అంటే ఎర్త్. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి ఒక పట్టీ, బాడీ నుంచి ఇంజిన్‌కి ఇంకో పట్టీ. మన ఉప్పు గాలికి, మన వానకి ఆ అల్లిక పట్టీ లోపల్లోపల పచ్చగా చిలుం పట్టి, పైకి మాత్రం వైరులాగే కనిపిస్తూ ఉంటుంది.

కొలిచే పద్ధతి ఇది. ముందు పెట్రోలు పంపు ఫ్యూజ్ పీకేయండి, ఇంజిన్ అందుకోకుండా సెల్ఫ్ మాత్రమే తిరగాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. మీటరు నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ స్తంభం మీద, క్లాంపు మీద కాదు, ఆ సీసపు స్తంభం మీదే పెట్టండి. ఎర్ర ముల్లు ఇంజిన్ ఇనుము మీద, పెయింట్ లేని చోట. సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టు లోపు వస్తే మురుగు బాగా పోతోంది. అర వోల్టు, ఒక వోల్టు వచ్చిందంటే డెక్క అక్కడే ఉంది. అలాగే ప్లస్ స్తంభం నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టు దాకా కొలిస్తే అర వోల్టు లోపు ఉండాలి. తప్పు కనబడ్డాక ముల్లుని ఒక్కో జాయింటూ జరుపుతూ వెళ్లండి, ఎక్కడ తేడా మాయమవుతుందో అక్కడ పట్టుకోవచ్చు. మీటరు లేదా? జంపర్ కేబుల్, అదే రెండు చివర్లా క్లిప్పులుండే లావు వైరు, ఒకటి తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజిన్ ఇనుముకి తగిలించి స్టార్ట్ చేయండి. అంతవరకూ మూలిగిన సెల్ఫ్ గిర్రున తిరిగితే ఎర్త్ పట్టీ మార్చండి.

ఇది నాకు పుట్టుకతో రాలేదండి. డబ్బు కట్టి నేర్చుకున్నాను. ముమ్మిడివరం నుంచి ఒక మాస్టారి కారు వచ్చేది. ఒకరోజు స్టార్ట్ అవుతుంది, రెండు రోజులు అవ్వదు. తాళం దీపం కూడా అప్పుడప్పుడు కొట్టుకునేది. నేను బ్యాటరీ మార్చాను. సెల్ఫ్ విప్పి బ్రష్‌లు వేశాను. ఇగ్నిషన్ స్విచ్ మార్చాను. చివరికి, మాస్టారూ ఇది ఇమ్మొబిలైజర్ అండి, కంప్యూటర్ మార్చాలి అని గంభీరంగా చెప్పాను. ఆయన తలూపి, చిట్టా పుస్తకం తీసి, ఇప్పటిదాకా 11 వేలయ్యిందయ్యా అన్నారు, కోపంగా కూడా కాదు. ఆ సాయంత్రం నాకు పని నేర్పిన మా గురువుగారు, లారీల ఎలక్ట్రీషియన్, టీకి వచ్చి కూర్చుని చూసి, లేచి జంపర్ కేబుల్ ఒకటి ఇంజిన్‌కి తగిలించారు. అంతే. పదిసార్లు కొడితే పదిసార్లూ స్టార్ట్. "నువ్వు కొన్నవన్నీ పంట కాలువలో పోశావురా" అన్నారు. 11 వేలలో బ్యాటరీ డబ్బులు ఉంచుకుని మిగతావి మాస్టారికి తిరిగిచ్చేశాను. ఆయన వద్దంటే బలవంతంగా ఇచ్చాను. కొలవకుండా పార్టు మార్చడం ఆ రోజుతో మానేశాను, మానేశానని అనుకుంటున్నాను.

చప్పుడు వినడం గురించి త్వరగా చెప్పేస్తాను, ఇది మీకు చాలావరకు తెలిసిందే. తాళం తిప్పితే టకటకటకా వరసగా కొట్టుకుంటే బ్యాటరీ గానీ టెర్మినల్ గానీ. ఒక్కటే గట్టిగా టక్ మని ఊరుకుంటే సోలినాయిడ్, అంటే సెల్ఫ్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్చు, దాని లోపలి కాంటాక్టులో, సెల్ఫ్ బ్రష్‌లో. సెల్ఫ్ మీద చెక్కతో మెల్లగా తడితే తిరిగిందంటే బ్రష్‌లు అరిగిపోయాయి, ఆ తట్టుడు ఇంటికి చేరడానికే, వైద్యం కాదు. అసలు చప్పుడే లేకపోతే సోలినాయిడ్ సన్న వైరుకి కరెంటు వస్తోందా లేదా చూడండి. వస్తే తప్పు సెల్ఫ్‌లో. రాకపోతే రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చు, ఇగ్నిషన్ స్విచ్, కొన్నిట్లో క్లచ్ దగ్గరి స్విచ్. రిలే అనుమానమైతే అదే నంబరున్న హారన్ రిలే పీకి అక్కడ పెట్టి చూడండి, కొత్తది కొననక్కర్లేదు.

సెల్ఫ్ బాగా తిరుగుతూ అందుకోకపోతే? అప్పుడు మళ్లీ దీపాల దగ్గరికి రండి. తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజిన్ దీపం వెలగాలి. ఇది వెలగకపోవడం మంచిదనుకునేవాళ్లు ఉన్నారు! స్టార్ట్ చేయకముందు అది వెలగకపోతే కంప్యూటర్‌కి కరెంటే అందట్లేదన్నమాట, మెయిన్ రిలే, ఫ్యూజ్, ఎర్త్ చూడండి. అది వెలిగింది, తాళం దీపం రెండు సెకన్లు వెలిగి ఆరింది అంటే చాలా బళ్లలో కాపలావాడు ఒప్పుకున్నట్టే, ఇక అతన్ని వదిలేయండి. తర్వాత వెనక సీటు వైపు చెవి పెట్టండి, తాళం ఆన్ చేసిన రెండు సెకన్లు పెట్రోలు పంపు జుయ్యిమని ఆగాలి. అదీ వినిపిస్తే, సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా కార్లలో కొంచెమైనా కదులుతుంది. చచ్చినట్టు సున్నా దగ్గరే పడుకుంటే ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సార్ మీద అనుమానపడాలి. కంప్యూటర్‌లో తప్పుల కోడ్ చదివే స్కానర్ ఉంటే పీ0335 అని పడుతుంది. తాళం గుర్తుపట్టకపోతే పడేది వేరు, పీ0513 లాంటిది. స్కానర్ ఉన్నవాళ్లు ఈ రెండిటినీ కలిపేసుకోకండి.

క్రాంక్ సెన్సార్‌కి ఒక గుణం ఉంది, చల్లగా ఉన్నప్పుడు మర్యాదగా ఉంటుంది. రోహిణీ కార్తెలో రాజమండ్రి నుంచి వస్తూ రావులపాలెంలో టీకి ఆగుతారు, తాగొచ్చి తిప్పితే అందుకోదు. అరగంట తిట్టుకుని, బానెట్ ఎత్తి కూర్చుంటే, తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. మెకానిక్ వచ్చేసరికి బాగానే ఉంటుంది, ఆయన డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. అలా వేడికి మొరాయిస్తుంటే, ఆగి ఉన్నప్పుడు తడిగుడ్డ ఆ సెన్సార్ మీద రెండు నిమిషాలు వేసి చూడండి. ఫ్యాన్ దగ్గర, బెల్టు దగ్గర చెయ్యి జాగ్రత్త. చల్లబడగానే స్టార్ట్ అయితే దొరికినట్టే.

ఇక మన ఊళ్ల జబ్బులు. భీమవరం వైపు నుంచి రొయ్యల చెరువులున్న ఒకాయన కారు లారీ మీద వచ్చింది. సెల్ఫ్ తిరుగుతుంది, అందుకోదు. ఎక్కడో ఇమ్మొబిలైజర్ అన్నారట, మామూలే. తాళం దీపం ఆరిపోతోంది, కాబట్టి నేను అటు వెళ్లలేదు. పంపు చప్పుడు లేదు. వెనక సీటు ఎత్తాను, రొయ్యల వాసన గుప్పున కొట్టింది. ఐసు బాక్సులు రెండేళ్లు డిక్కీలో తిప్పాడాయన, ఉప్పునీరు కారి కారి కార్పెట్ కిందికి చేరి, పంపు ఎర్త్ బోల్టు తుప్పు పట్టి మట్టిగడ్డలా చేతిలోకొచ్చింది. బోల్టు, కొత్త రింగు, కాస్త గీకుడు. ఆయన నమ్మలేదు, ఇంతేనా అన్నాడు. కంప్యూటర్ మారిస్తే మాత్రం వెంటనే నమ్మేవాడు.

ఇంకోటి ఎలుకలు, పందికొక్కులు. దాళ్వా కోత అయ్యిందంటే చేలో ఉన్నవి ఇళ్ల మీద పడతాయి. ధాన్యం బస్తాల పక్క షెడ్డులో కారు పెడితే బానెట్ కింద వెచ్చగా కాపురం పెట్టేస్తాయి. పది రోజులు కదలని బండి స్టార్ట్ అవ్వకపోతే మీటరు కంటే ముందు టార్చి వేయండి. వడ్ల పొట్టు కనిపిస్తే ఇంజెక్టర్ వైర్లూ, సెన్సార్ వైర్లూ వేళ్లతో తడుముతూ పోండి.

వరద సంగతి ఒక్క మాట. 2022 జులైలో లంకల్లో ఎన్ని బళ్లు మునిగాయో మనం చూశాం. మునిగిన బండికి తాళం తిప్పొద్దు, దయచేసి. ఇంజిన్‌లోకి నీరు ఎక్కిందని తెలీక సెల్ఫ్ కొడితే, సిలిండర్‌లో నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బ్యాటరీ మైనస్ విప్పి, లారీ పిలవండి.

నాకు ఒళ్లు మండే విషయం ఒకటి మిగిలింది. బయట షాపుల్లో పెట్టించిన ఆ రిమోట్ సైరన్లు. ఒకప్పుడు కొత్త కారు కొనగానే పూజ, సీటు కవర్లు, ఆ టింయ్ టింయ్ సైరను, మూడూ తప్పనిసరి. ఆ పెట్టె బిగించేటప్పుడు కుర్రాళ్లు స్టీరింగ్ కింద ఒరిజినల్ ఇగ్నిషన్ వైరు కోసి, మధ్యలో వాళ్ల రిలే పెట్టి, వైరు మెలి తిప్పి టేపు చుట్టారు. పదిహేనేళ్లయ్యింది. టేపు జిగురు కరిగి జారిపోయింది, లోపల చిలుం. సైరను ఎప్పుడో మూగబోయింది, ఓనర్ మారాడు, అసలు అదొకటుందని కొత్త ఓనర్‌కి తెలీదు. గతుకులో పడితే బండి ఆగుతుంది, ఇంకో గతుకులో పడితే స్టార్ట్ అవుతుంది. కంపెనీ ఇమ్మొబిలైజర్‌ని ఎందుకు తిడతారండీ? స్టీరింగ్ కింద కవర్ తీసి, కంపెనీ చుట్టని టేపు ఎక్కడ కనబడినా అక్కడ ఆగండి. వాడని పెట్టె పీకేసి, పాత వైరు సోల్డర్ చేసి స్లీవ్ తొడగండి. మెలిపెట్టి టేపు చుడితే పదేళ్లకి మళ్లీ నా దగ్గరికే వస్తారు, అప్పటికి నేనుంటే.

ప్రశ్నలున్నాయా? ...ఆ, చెప్పు తమ్ముడూ. బైపాస్ చేసేయొచ్చు కదా అంటున్నాడు. చేసేవాళ్లున్నారు. నేను చెయ్యను. నువ్వు తాళం ఊడగొడుతున్నది నీ ఇంటి తలుపుకే. రేపు బండి పోతే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు తాళాలూ బల్ల మీద పెట్టమంటారు, అప్పుడు బైపాస్ సంగతి బయటపడితే ఏం చెప్తావు? పైగా చాలాసార్లు అసలు రోగం ఎర్త్‌లోనో బ్యాటరీలోనో ఉంటుంది, బైపాస్ చేశాక కూడా బండి అలాగే మొరాయిస్తుంది.

మీరు చెప్పండమ్మా. పాత కారు కొనేటప్పుడు. రెండు తాళాలూ అడగండి, రెండిటితోనూ విడివిడిగా స్టార్ట్ చేయండి. ఒకటే ఉందంటే, ఆ కారుకి కొత్త చిప్ తాళం చేయించడానికి ఎంతవుతుందో ముందే కనుక్కుని ధరలోంచి తగ్గించండి. చాలా బళ్లకి కొత్తప్పుడు తాళాలతో పాటు చిన్న రేకుముక్క మీదో కార్డు మీదో కోడ్ ఇస్తారు, అదీ అడగండి. ఇంకోటి, మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే, మీ కోసం ఎవరో పొద్దున్నే దాన్ని బతిమాలి లేపి ఉంచారన్నమాట. మర్నాడు వస్తామని చెప్పి వచ్చేయండి.

ఇంకా? ...బయట వేపచెట్టు కింద ఉన్న తెల్ల కారు మీదేనాండీ? వచ్చేటప్పుడు తోసుకొచ్చారా! పాపం. ఏమేం మార్చారు... ఆగండి, చెప్పకండి. తాళం ఆన్ చేస్తే ఆ ఎర్ర దీపం ఏం చేస్తోంది? చూళ్లేదా. సరే, గుత్తిలోంచి ఆ ఒక్క తాళం విప్పి ఉంచండి. తమ్ముడూ, ఆ మీటరు పట్టుకురా, జంపర్ కేబుల్ కూడా.